పొగ లేని కారుకి పొగ కాగితం

కివీల దేశంలో, హెండర్సన్‌లో దామోదర్ తాతయ్య ఇంటి ముందు ఎవరి కారు ఆగినా, ఆయన ముందుగా మనిషిని పలకరించడు. చూపు కారు ముందద్దం పై మూలకి పోతుంది. అక్కడ వాఫ్ స్టిక్కరు ఉంటుంది. బండిని గ్యారేజీలో పరీక్ష చేసి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని అంటించే చీటీ అది. దాని గడువు చదువుకుని, ఇంకా మిగిలి ఉంటేనే మొహం విప్పార్చి లోపలికి రమ్మంటాడు. గడువు దాటిపోయిందా, కాఫీ ఇస్తారు గానీ కాఫీతో పాటు బ్రేకుల గురించీ టైర్ల గురించీ గంటసేపు వినాలి. కూతురి పెళ్లికి పిలవడానికొచ్చిన సాయినాథ్ అంకుల్ సగం కాఫీ వదిలేసి తిన్నగా గ్యారేజీకి పోయాడు. ఆ కంగారులో పెళ్లికి పిలవడం మర్చిపోయాడు. శుభలేఖ తర్వాత పోస్టులో వచ్చింది.

అందులో తాతయ్య తప్పేమీ లేదు. బెజవాడ బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి, నలభై ఏడో ఏట ఈ దేశం వచ్చి, ఆ తర్వాత పందొమ్మిదేళ్లు వాఫ్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాడు. బండి పాసైతే చాలు, చేతులు తుడుచుకుని, అద్దం తుడిచి, స్టిక్కరు వెనక కాగితం గోటితో ఒలిచి, మూలన ఆనించి, బొటనవేలితో పై నుంచి కిందికి ఒక్క రుద్దు రుద్దేవాడు. ఒక్క బుడగ కూడా ఉండేది కాదు. ఆయన రిటైరై అయిదేళ్లయింది గానీ ఆ బొటనవేలు ఇంకా రిటైరు కాలేదు. పార్సిల్ మీద స్టాంపు అంటించినా, మోకాలికి నొప్పి పట్టీ వేసుకున్నా, పై నుంచి కిందికి అదే రుద్దు.

ఆయన సొంత కారు ఇరవై ఏళ్లనాటి టొయోటా. జపాన్ వాళ్లు వాడి వదిలేస్తే ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఈ ఊళ్లో సగం మంది అలాంటి కార్లలోనే తిరుగుతారు. తాళం తిప్పగానే అందులోంచి ఒక జపాన్ ఆడమనిషి గొంతు ఏదో చెబుతుంది. పదకొండేళ్లుగా చెబుతూనే ఉంది. పక్క సీట్లో కూర్చునే రాజ్యం నానమ్మ పదకొండేళ్లుగా "సరే తల్లీ" అంటూనే ఉంది. ఈమధ్య స్కూల్లో జపనీస్ నేర్చుకుంటున్న పదహారేళ్ల మనవరాలు అక్షర ఆ మాటలకి అర్థం చెప్పింది. టోల్‌గేటు డబ్బాలో కార్డు పెట్టలేదని ఆ గొంతు గుర్తు చేస్తోందట. తాతయ్య చాలా నొచ్చుకున్నాడు. తన బండే ఇన్నాళ్లూ తనని కాగితాల్లేని మనిషి అంటోందన్నమాట.

ఆయన నొచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది 1996 నాటిది.

సరోజ అనే ఆవిడ రాజ్యం నానమ్మకి ప్రాణ స్నేహితురాలు. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే దువ్వెన, ఒకటే గోంగూర పచ్చడి సీసా. చదువు అవగానే సరోజ జర్మనీ వెళ్లిపోయింది. చాలా ఏళ్లకి ఒకసారి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు విశాఖపట్నం నుంచి మద్రాసు పోయే రైలెక్కింది. బెజవాడలో బండి పది నిమిషాలు ఆగుతుంది, ప్లాట్‌ఫారం మీదికొచ్చి కనపడమని ముందే ఉత్తరం రాసింది. నానమ్మ పచ్చడి చేసి, సీసా ఒళ్లో పెట్టుకుని తాతయ్య స్కూటరెక్కింది. ఏలూరు రోడ్డు మీద పోలీసు ఆపాడు. లైసెన్సు ఉంది, ఇన్సూరెన్సు ఉంది. పొగ కాగితం లేదు. బండి హద్దు మీరి పొగ వదలడం లేదని రాసిచ్చే సర్టిఫికెట్టు అది. పోలీసు రాసుకున్నదేదో రాసుకోనిచ్చి వెళ్లిపోతే రెండు నిమిషాల పని. తాతయ్య వెళ్లలేదు. డిపోలో రెండు వందల బస్సుల పొగ సరిచేసేది తనేనని, తన స్కూటరుకి ఇంకెవడో సంతకం చేయడమేమిటని పావుగంట వాదించాడు. ఆ వాదన ఎవరు గెలిచారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. వాళ్లు స్టేషను చేరేసరికి రైలు ఆఖరి పెట్టె కనబడింది. సరోజ తలుపు పట్టుకుని బయటికి వంగి చూస్తూనే ఉందని నానమ్మ అంటుంది. తనకేమీ కనబడలేదని తాతయ్య అంటాడు.

ఆ తర్వాత ఆ ఇద్దరూ ఎదురెదురుగా చూసుకోలేదు. వారం వారం ఫోన్లో చూసుకుంటారు గానీ, ఫోన్లో చేయి పట్టుకోవడానికి వీల్లేదు కదా. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఏ గొడవ మొదలైనా, కూరలో ఉప్పు దగ్గర మొదలైనా టీవీ శబ్దం దగ్గర మొదలైనా, చివరికి పొగ కాగితం దగ్గరికే చేరుతుంది. అక్కడికి చేరాక తాతయ్య చేసేది ఒక్కటే. కళ్లజోడు తుడుచుకుంటాడు.

ఈ ఏడు జూలైలో కూతురు శ్రీజ రమ్మని పిలిచింది. ఆమె ఉండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. సరోజ ఉండే కొలోన్ అక్కడికి కారులో గంటన్నర. కిందటి చలికాలంలో సరోజ జారిపడి తుంటి ఎముకకి ఆపరేషన్ చేయించుకుంది. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది, అంతే. రైల్లో వెళ్లొచ్చు, స్టేషన్ దగ్గరే అని శ్రీజ అంది. తాతయ్య రైలు మాట ఎత్తొద్దన్నాడు.

"రాజ్యం, సరోజ గుమ్మం ముందు కారు ఆపే పూచీ నాది. నువ్వు దిగి తలుపు కొట్టడమే."

"చూద్దాం" అంది నానమ్మ. "దారిలో పోలీసు లేకపోతే."

కొడుకు హర్షవర్ధన్ నచ్చజెప్పబోయాడు. డెబ్బై మూడేళ్ల వయసు, అక్కడ కుడివైపున నడపాలి, కారు శ్రీజ నడుపుతుంది కదా అన్నాడు. తాతయ్య వినలేదు. కుడివైపు అలవాటు కావాలని వారం రోజులు ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య కుడి పక్కనే నడిచాడు. అలవాటు ప్రకారం ఎడమ పక్కన వస్తున్న నానమ్మని రెండుసార్లు ఢీకొన్నాడు. రెండోసారి ఆమె చేతిలో సాంబారు గిన్నె ఉంది.

ఇక్కడిదాకా వ్యవహారం బాగానే ఉంది. ఒక శనివారం సాయంత్రం అక్షర దారి చూసిపెడదామని లాప్‌టాప్ తెరిచింది. అక్కణ్ణుంచి మొదలైంది.

"తాతయ్యా, సరోజ అమ్మమ్మ ఉండే సిటీ సెంటర్ మొత్తం గ్రీన్ జోన్ అట. అద్దం మీద గ్రీన్ స్టిక్కర్ లేకపోతే కారు ఎంటర్ అవ్వకూడదు. పొగ ఎక్కువొచ్చే కార్లు రాకుండా అన్నమాట. బయటి దేశం కార్లకి కూడా రూల్ సేమ్."

తాతయ్య హాయిగా నవ్వాడు. శ్రీజది ఎలక్ట్రిక్ కారు. దానికి పొగ లేదు, పొగగొట్టమే లేదు.

"దానికి కూడా కావాలట."

"దేనికి?"

"పొగ రాదని ప్రూఫ్‌కి."

తాతయ్య ఆ పేజీని ఒకసారి ఇంగ్లీషులో చదివించుకున్నాడు, ఇంకోసారి తెలుగులో చెప్పించుకున్నాడు. రెండు భాషల్లోనూ అదే ఉంది. "బట్టతలవాడు కూడా దువ్వెనకి లైసెన్సు తీసుకోవాలన్నట్టుంది" అన్నాడు తన తల తడుముకుంటూ. బండి ఎదురుగా నిలబడి ఉంటే, వంగి చూస్తే తెలిసిపోదా, వెనక గొట్టం ఉందో లేదో. వంగి చూడటానికి ఆ దేశంలో ఎవరికీ నడుములు లేవా. ఈ చట్టం రాసినవాడు ఎప్పుడైనా కారు కింద పడుకుని చూశాడా. ఇలా ఆయన గొంతు పెంచుతూ పోతుంటే వంటింట్లోంచి నానమ్మ మాట వచ్చింది.

"వాదించండి. రైలు వెళ్లిపోయేదాకా వాదించండి."

తాతయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ స్టిక్కరు ఎలా తెప్పించాలో చూడమన్నాడు.

శ్రీజ ఫోన్లో తనే చూసుకుంటానంది. ఆమెకి ఆఫీసు ఉంది, చంటిపిల్ల ఉంది, చూసుకుంటానన్న పనులు ఇప్పటికే చాలా ఉన్నాయి. చిన్నప్పుడు హోంవర్కు కూడా ఇలాగే చూసుకుంటాననేదని తాతయ్యకి గుర్తుంది. స్టిక్కరు తన చేతికి వచ్చి, దాని మీది నంబరు తను చదివి, సూట్‌కేసులో తను పెట్టుకుంటేనే ఆయనకి నిద్ర పడుతుంది. కారు రిజిస్ట్రేషన్ కార్డుని రెండు వైపులా ఫొటో తీసి పంపమన్నాడు. మొదటి ఫొటోలో శ్రీజ బొటనవేలు పడింది. రెండో దాంట్లో వెలుగు పడింది. మూడోది సరిగ్గా వచ్చింది గానీ డచ్చి భాషలో ఉంది. ఏ గడిలో ఏముందో అక్షర ఒక్కొక్కటే వెతికి చెబుతుంటే తాతయ్య నోటుబుక్కులో రాసుకున్నాడు.

తర్వాత దరఖాస్తు. అందులో ఇంధనం ఏమిటని అడిగారు, పూరించారు. పొగ విషయంలో బండి ఏ తరగతిదని అడిగారు. శ్రీజ కార్డులో ఆ గడి ఖాళీ. ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు ముందుకి కదల్లేదు. సున్నా వేస్తే ఎర్రగీత గీసింది. 'లేదు' అని రాస్తే ఇంకాస్త పెద్ద ఎర్రగీత గీసింది. తాతయ్య జర్మనీకి ఫోన్ చేశాడు. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి, ఆఫీసు మూసేశారని రికార్డు చేసిన గొంతు వచ్చింది. ఆ గొంతుకి కూడా ఆయన తన సందేహం పూర్తిగా వివరించాడు. అక్షర నవ్వు ఆపుకోలేక లాప్‌టాప్ వెనక దాక్కుంది. నాలుగో రోజు ఆ పిల్లే పేజీ కింది చివర ఒక చిన్న చదరం కనిపెట్టింది. ఎలక్ట్రిక్ బండి అయితే అక్కడ టిక్కు పెట్టాలి. పెట్టింది. పొగ ప్రశ్న మొత్తం మాయమైపోయింది.

"ఈ చదరం పైన పెట్టి ఏడవచ్చు కదా" అన్నాడు తాతయ్య. నాలుగు రోజుల మొత్తానికి ఆయన తిట్టిన తిట్టు అదొక్కటే.

స్టిక్కరు ఏ చిరునామాకి పంపాలో అడిగినప్పుడు ఆయన హెండర్సన్ చిరునామా ఇచ్చాడు. ఐండ్‌హోవెన్ పక్కనే ఉన్న దేశం నుంచి ఐండ్‌హోవెన్‌కి వెళ్లాల్సిన చీటీ, భూమికి అవతలి అంచుదాకా వచ్చి మళ్లీ ఆయన సూట్‌కేసులో వెనక్కి వెళ్తుందన్నమాట. పొగ తగ్గించే చీటీ విమానంలో భూమి చుట్టూ తిరగడమేమిటని అక్షర అడిగింది. చిన్నపిల్లలకి కొన్ని విషయాలు అర్థం కావన్నాడు.

ఇక పోస్టు కోసం ఎదురుచూపు. ఇప్పుడు పోస్టు వారంలో అన్ని రోజులూ రాదు. వచ్చే రోజుల్లో వాన పడుతుంది. తాతయ్య గొడుగేసుకుని పోస్టు డబ్బా పక్కన నిలబడేవాడు. మూడు వారాలు కరెంటు కంపెనీ ఉత్తరాలు, పిజ్జా కాగితాలు వచ్చాయి. శనివారం విమానం అనగా బుధవారం ఆ కవరు వచ్చింది. లోపల అరచేతి పాటి గుండ్రటి పచ్చ స్టిక్కరు, మధ్యలో పెద్ద నాలుగు అంకె, కింద తెల్లటి పట్టీలో శ్రీజ కారు నంబరు. వెనక జాగ్రత్తలు రాసిన కాగితం. ముందద్దం లోపలివైపు, కుడి కింది మూల అంటించాలి. ఒకసారి అంటించాక తీస్తే ముక్కలైపోతుంది, ఇంకో బండికి పనికిరాదు. తాతయ్యకి ఆ వాక్యం చాలా నచ్చింది. స్టిక్కరంటే అలా ఉండాలన్నాడు.

నానమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి ముఖ్యమైన కాగితం, పాస్‌పోర్టుల దగ్గర్నుంచి అక్షర స్కూలు రిపోర్టు దాకా, ఒక పూట దేవుడి దగ్గర ఉండాల్సిందే. రిపోర్టు రెండు పూటలు ఉంటుంది. స్టిక్కరుతో మాత్రం నానమ్మ అక్కడితో ఊరుకోలేదు. కొత్త దేశంలో, కొత్త వైపున, ఆయన చేత కారు నడిపించుకుంటూ వెళ్తున్నప్పుడు బండికి పూజ ఉండాలి. ఆ బండి భూమికి అవతల ఉంది. కానీ దాని నంబరు ఇక్కడుంది. పేరు చెప్పి గుళ్లో అర్చన చేయిస్తే ఎక్కడున్న మనిషికైనా చెందుతుంది కదా. నంబరున్న స్టిక్కరుని మన టొయోటా అద్దానికి ఆనించి పట్టుకుని పూజ చేస్తే శ్రీజ కారుకి చెందుతుందని ఆమె వాదన. తాతయ్య ఆలోచించి చూశాడు. దీనికి వ్యతిరేకంగా ఏ రూలూ లేదు.

గురువారం పొద్దున వాన ఆగింది. టొయోటాని ఇంటి ముందుకి తెచ్చి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. నానమ్మ పళ్లెంతో కారు ముందు నిలబడింది. పక్కింటి కివీ పెద్దాయన చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ ఆగి, గౌరవంగా టోపీ తీశాడు. తాతయ్య స్టిక్కరు పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"ఆ మూల ఆనించి పట్టుకోండి, బయట నుంచి నేను బొట్టు పెడతాను" అంది నానమ్మ.

అద్దం లోపలివైపు కాస్త మసగ్గా ఉంది. తాతయ్య జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు. కుడి కింది మూల అనుకున్నాడు. నానమ్మ కళ్లు మూసుకుని మంత్రం చదువుతోంది. ఆయన కూడా భక్తిగా కళ్లు మూసుకున్నాడు. అదే పొరపాటైంది. కళ్లు చూడనప్పుడు చేతులు తమకి తెలిసిన పని చేస్తాయి. గోరు వెనక కాగితం అంచు వెతుక్కుంది. కాగితం ఊడింది. స్టిక్కరు మూలన ఆనింది. బొటనవేలు పై నుంచి కిందికి ఒక్క రుద్దు రుద్దింది.

నానమ్మ కళ్లు తెరిచి, అద్దం మీద ఆ పచ్చ గుండ్రం ఉన్నచోట బొట్టు పెట్టింది. ఇక తీసేయండి అంది. లోపల తాతయ్య ఒక చేత్తో ఊడిన కాగితం పట్టుకుని, రెండో చేతి బొటనవేలుని అదెవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

ఒక్క బుడగ కూడా లేదు.

సంగతి అర్థం కావడానికి నానమ్మకి ఒక నిమిషం పట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. పళ్లెం కారు బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తాతయ్య అద్దం దగ్గరే ఉండి, గోటితో ఒక అంచు మెల్లగా లేపబోయాడు. చెప్పినట్టే ఆ అంచు పొడిపొడిగా రాలింది. వెంటనే మానేశాడు. లోపల ఫోన్లో నానమ్మ గొంతు వినబడుతోంది. సరోజకి చెబుతోంది. ఏం జరిగిందో చెప్పలేదు. మామూలు గొంతుతో ఒకే మాట అంది.

"ఈసారి మాత్రం తలుపు దగ్గర నిలబడి చూడకు సరోజా. కాళ్లు నొప్పెడతాయి."

ఆ మాట విన్నాక తాతయ్య ఇంట్లోకి వెళ్లలేకపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఏమీ కనబడలేదంటున్నాడు గానీ, ఆ రోజు ఆఖరి పెట్టెకి ముందు పెట్టె తలుపులో నీలం చీర ఆయనకీ కనబడింది. ఎవరితోనూ అనలేదు, అంతే. టొయోటాలోనే కూర్చుని లోకేశ్‌కి ఫోన్ చేశాడు. లోకేశ్ దగ్గర్లోనే న్యూ లిన్‌లో ఉంటాడు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి గ్యారేజీలో చేరితే, తాతయ్యే పని నేర్పాడు. ఇప్పుడు అదే గ్యారేజీలో ఇన్‌స్పెక్టరు. ముందద్దం మొత్తం పగలకుండా ఊడదీయడానికి ఎంతసేపు పడుతుందని తాతయ్య అడిగాడు. ఎందుకు సర్ అన్నాడు లోకేశ్. శనివారం విమానంలో తీసుకెళ్లాలి అన్నాడు. సర్, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, ఒకసారి ఫోన్ ఇస్తారా అని లోకేశ్ మర్యాదగా అడిగాడు.

మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చిన అక్షరకి సంగతి తెలిసింది. టొయోటా చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం ముందు నిలబడి, నడుం పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక తాతయ్య మొహం చూసింది. తిన్నగా వెళ్లి లాప్‌టాప్ తెరిచింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి, కారు తలుపు తెరిచి, పక్క సీట్లో కూర్చుంది.

"తాతయ్యా, కోప్పడవు కదా?"

"చెప్పు."

"బోర్డర్ దాటాక, జోన్ బయట, ఏ ఇన్‌స్పెక్షన్ గ్యారేజీలో అయినా కౌంటర్‌లోనే ఇచ్చేస్తారట. కార్డ్ చూపిస్తే చాలు. నంబర్ వేసి అప్పుడే ఇస్తారు."

తాతయ్య స్టీరింగు పట్టుకుని మనసులో లెక్కేసుకున్నాడు. మూడు ఫొటోలు, నాలుగు రోజుల దరఖాస్తు, మూడు వారాల గొడుగు, నాలుగు నిమ్మకాయలు.

"అంటే గ్యారేజీకి వెళ్తే, అక్కడొక మనిషి ఉంటాడు. కార్డు చూస్తాడు, అంటిస్తాడు" అన్నాడు.

"అవును. నువ్వు చేసేవాడివే, అలాగే."

"నాకెందుకు తట్టలేదు?"

అక్షర చెప్పదలుచుకున్నది చాలా ఉంది గానీ, ఆ రోజుకి ఊరుకుంది.

రెండు వారాల తర్వాత, సరిహద్దు దాటి కొద్ది దూరం పోయాక, జర్మనీ పల్లెలో ఒక గ్యారేజీ ముందు శ్రీజ కారు ఆగింది. నడిపింది తాతయ్యే. కుడివైపునే నడిపాడు. వెనక సీట్లో శ్రీజ గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. నానమ్మ ఒళ్లో గోంగూర పచ్చడి సీసా ఉంది. శ్రీజ వాళ్ల వంటింట్లో తనే చేసింది. కౌంటరు దగ్గర నూనె మరకల దుస్తుల్లో పాతికేళ్ల అమ్మాయి ఉంది. కార్డు తీసుకుని చూసి, ఎలక్ట్రిక్ అని తనలో తను అనుకుని, పచ్చ స్టిక్కరు ఒకటి బయటికి తీసి నంబరు వేయసాగింది.

ఆ క్షణంలో తాతయ్య నోట్లోకి ఇంగ్లీషులో వాక్యం పూర్తిగా వచ్చేసింది. అమ్మాయీ, ఈ బండి వెనక్కొచ్చి చూడు, దీనికి గొట్టం ఎక్కడుంది? దాని వెనక ఇంకో ఇరవై వాక్యాలు వరసలో నిలబడి ఉన్నాయి. నెలన్నరగా తయారు చేసుకున్నవి. తోటి ఇన్‌స్పెక్టరు దొరికింది, అర్థం చేసుకునే మనిషి, ఇంతకంటే మంచి అవకాశం రాదు. నోరు తెరిచాడు కూడా. పక్కన నిలబడ్డ నానమ్మ సీసా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

తాతయ్య నోరు మూసుకున్నాడు.

ఒక్కటి మాత్రం అడిగాడు. తను కూడా ఇదే పని చేసేవాణ్ణని, స్టిక్కరు తన చేత్తో అంటించుకోవచ్చా అని. ఆ అమ్మాయి నవ్వి ఇచ్చేసింది. తాతయ్య దాని మీది నంబరు నానమ్మ చేత పైకి చదివించాడు. కారు ముందుకి వెళ్లి ప్లేటు మీది నంబరు తను చదివాడు. వెనక్కి వెళ్లి ఇంకోసారి చదివాడు. ఇది ఏ దేశం, ఇది ఎవరి కారు అని శ్రీజని అడిగి, జవాబు సరైందేనని తేల్చుకున్నాడు. అప్పుడు అద్దం తుడిచాడు. ఈసారి కళ్లు తెరిచే ఉంచాడు.

కొలోన్‌లో సరోజ వీధి ఇరుకుగా ఉంది. గుమ్మం ముందు కారు ఆపడానికి చోటు లేదు. తాతయ్య మూడుసార్లు ఆ వీధి చుట్టూ తిరిగాడు గానీ, కాస్త ముందుకెళ్లి ఆపుదామంటే ఒప్పుకోలేదు. నాలుగోసారి ఒక కారు వెళ్లిపోయింది. సరిగ్గా గుమ్మం ముందు ఆపి, హ్యాండ్ బ్రేకు వేశాడు. నానమ్మ దిగి తలుపు కొట్టాల్సిన పని పడలేదు. సరోజ తలుపు తీసుకుని, వాకర్ పట్టుకుని, మెట్టు మీదే నిలబడి ఉంది. నిలబడొద్దని చెప్పినా వినలేదు.

వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో తాతయ్య వినలేదు. కారు దగ్గరే నిలబడి అద్దాన్ని అక్కర్లేకపోయినా తుడుస్తున్నాడు. కాసేపటికి సరోజ నానమ్మ భుజం మీదుగా ఆయన్ని చూసింది.

"అన్నయ్యగారూ, కాగితాలన్నీ ఉన్నాయా?"

తాతయ్య అద్దం మీది పచ్చ స్టిక్కరు వైపు వేలు చూపించాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు దాన్ని చాలాసేపు తుడవాల్సి వచ్చింది.

ఇప్పుడు తాతయ్యా నానమ్మా తిరిగి హెండర్సన్‌లోనే ఉన్నారు. పోయిన నెల టొయోటా వాఫ్ గడువు వచ్చింది. లోకేశ్ బండి పరీక్ష చేస్తూ, డ్రైవరు ఎదుట కింది మూలన ఉన్న జర్మనీ స్టిక్కరు ముందు ఆగాడు. ఒక అంచు చిరిగి ఉంది. మీద డచ్చి కారు నంబరు, బయట అద్దం మీద ఎండిన కుంకుమ బొట్టు. చూపుకి అడ్డమొచ్చే బొమ్మలు అద్దం మీద ఉంటే బండిని ఫెయిల్ చేయమని అతనికి నేర్పింది ఈయనే. లోకేశ్ టేపు పెట్టి రెండుసార్లు కొలిచాడు. అడ్డం రావడం లేదు సర్, పాస్ అన్నాడు. తాతయ్య తను కూడా ఒకసారి కొలిచి, అప్పుడు ఒప్పుకున్నాడు. గీకేద్దామా అని లోకేశ్ అడిగితే, ఉండనీ అంది నానమ్మ.

ఇంట్లో ఏలూరు రోడ్డు మాట ఎవరూ ఎత్తడం లేదు. 1996 ముగిసింది. కూరలో ఉప్పు ఎక్కువైందని తాతయ్య అంటే ఇప్పుడు నానమ్మకి అంత దూరం వెళ్లాల్సిన పని లేదు, కిటికీలోంచి కారు వైపు చూస్తే చాలు. ఆయన ఉప్పు సరిపోయిందంటాడు.

ఆ రోజు గ్యారేజీ నుంచి వస్తూ తాళం తిప్పగానే జపాన్ ఆడమనిషి అలవాటుగా కార్డు లేదని చెప్పింది. నానమ్మ బెల్టు పెట్టుకుంటూ ఈసారి "సరే తల్లీ" అనలేదు.

"ఉందమ్మా" అంది. "అద్దం మీదే ఉంది. కారు మాత్రం వేరేది."

తాతయ్య ఇండికేటరు వేసి, ఎడమ పక్కన జాగ్రత్తగా రోడ్డెక్కాడు.